నల్లగొండలో ఒక బొమ్మల తరగతి: ఏడాది తరువాత నా అంచనా

నల్లగొండ పట్టణంలో పిల్లలకు బొమ్మలు నేర్పే చోట్లు గత కొన్నేళ్లలో బాగా పెరిగాయి. వేసవి సెలవులు దగ్గరపడేసరికి క్లాక్ టవర్ సెంటర్ చుట్టుపక్కల కరెంటు స్తంభాలకు వాటి ప్రకటనలే కనబడతాయి. నేను రాయబోయేది మాత్రం స్తంభాల మీద కనబడని తరగతి గురించి. రామగిరి వైపు ఒక పాత పెంకుటింటి వరండాలో, సర్కారు బడిలో డ్రాయింగు మాస్టారుగా పనిచేసి విరమించిన ఒక పెద్దమనిషి శని, ఆదివారాల్లో దీన్ని నడుపుతున్నారు. బోర్డు లేదు. ఉన్న పిల్లలకే చోటు చాలడం లేదు కనుక పేరు రాయవద్దని ఆయన కోరారు. పిల్లలూ పెద్దలూ అందరూ "సారు" అనే పిలుస్తారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను. నాలుగో తరగతి చదువుతున్న మా అమ్మాయి దాదాపు ఏడాదిగా అక్కడికి వెళ్తోంది.

ముందు డబ్బు సంగతి. ఫీజు నెలకు 600 రూపాయలు. శనివారం సాయంత్రం రెండు గంటలు, ఆదివారం ఉదయం రెండు గంటలు తరగతి ఉంటుంది. అట్టలు, కాగితాలు, రంగులు అన్నీ సారే ఇస్తారు, విడిగా కొనిపించేది ఏమీ లేదు. పట్టణంలోనే ఉన్న మరో శిక్షణ కేంద్రంలో ఇదే పనికి మూడు నెలల ఫీజు ముందుగా కట్టాలి, రంగుల పెట్టె వాళ్ల దగ్గరే కొనాలి, ఒక్కో లెవల్ పూర్తయినప్పుడల్లా సర్టిఫికెట్‌కు వేరే చెల్లించాలి. మా అమ్మాయిని మొదట అక్కడే చేర్చాము. అక్కడ పిల్లలకు ఒక అచ్చు పుస్తకం ఇస్తారు. ఎడమ పేజీలోని కార్టూన్ బొమ్మను కుడి పేజీలో దించాలి. దానివల్ల చేతికి కుదురు వచ్చిన మాట నిజం. గీత వంకర పోకుండా గీయడం, హద్దు దాటకుండా రంగు నింపడం అక్కడే అలవడ్డాయి, ఆ మేలును తక్కువ చేసి చెప్పను. ఇంట్లో తెల్లకాగితం ఇచ్చి ఏదైనా గీయమంటే "ఏది చూసి గీయాలి?" అని అడగడం కూడా అక్కడే అలవడింది.

సారు తరగతిలో మొదటి పాఠం కొండ. వినడానికి విడ్డూరంగా ఉంటుంది కానీ, నల్లగొండ పిల్లలకు కొండ గీయడం రాదు. ప్రకృతి దృశ్యం గీయమని ఏ బడిలో ఏ పిల్లను అడిగినా వచ్చేది ఒకటే బొమ్మ: రెండు ఆకుపచ్చ త్రికోణాలు, వాటి సందులో సగం సూర్యుడు, అక్కడి నుంచి మెలికలు తిరుగుతూ కిందికి దిగే నది, ఒడ్డున గుడిసె, గుడిసె పక్కన కొబ్బరిచెట్టు, ఆకాశంలో టిక్కు గుర్తుల వంటి పక్షులు. ఈ ఊరు కాపురాల గుట్ట, లతీఫ్ సాహెబ్ గుట్ట అనే రెండు గుట్టల నడుమ ఉంది. ఆ రెండూ త్రికోణాలు కావు, ఆకుపచ్చవీ కావు. గుండు మీద గుండు నిలిచిన రాతి గుట్టలవి. ఉదయం బూడిద రంగులో, వానకు తడిస్తే నల్లగా, పొద్దువాలేటప్పుడు లేత ఇటుక రంగులో కనబడతాయి, సందుల్లో ముళ్లపొదలు ఉంటాయి. మిద్దె ఎక్కితే ఎదురుగా ఉన్న గుట్టను వదిలి, ఎన్నడూ చూడని కొండను మన పిల్లలు ఎక్కాల మాదిరిగా అప్పజెబుతారు.

సారు మొదటి వారం ఆ త్రికోణాలనే గీయనిస్తారు, ఏమీ అనరు. రెండో వారం ఇళ్ల కప్పుల మీదుగా గుట్ట కనబడే చోటికి పిల్లలను తీసుకుపోయి, కాగితం వైపు చూడకుండా, గుట్ట అంచు వెంట కన్ను ఎంత మెల్లగా నడిస్తే చేతిలోని బొగ్గును కూడా అంతే మెల్లగా నడపమంటారు. చిత్రకళ నేర్పేవారికి తెలిసిన పాత అభ్యాసమే ఇది. వచ్చిన గీత అందంగా ఉండదు, గుట్ట మొదలు ఒకచోట ఉంటే చివర మరోచోట తేలుతుంది. అయినా మా అమ్మాయి గీసిన మొదటి గీతలో, నెత్తిన ఒక పెద్ద గుండు, దాని కింద అడ్డంగా ఒక పగులు ఉన్నాయి. నేను మిద్దె ఎక్కి చూస్తే రెండూ ఉన్నాయి. ఊరంతా రోజూ చూసే గుట్టే అయినా ఆ పగులు గురించి ఎవరూ మాట్లాడగా నేను వినలేదు.

పిల్లల బొమ్మలు వయసును బట్టి ఎలా మారతాయో వివరించిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే కళావిద్యావేత్త 1947లోనే ఒక సంగతి చెప్పారు. ఏడేళ్ల ప్రాంతంలో పిల్లలు చెట్టుకు, మనిషికి, ఇంటికి ఒక్కో స్థిరమైన రూపాన్ని ఏర్పరచుకుని దాన్నే మళ్లీ మళ్లీ గీస్తారు. తొమ్మిదేళ్లు వచ్చేసరికి, చూసినది చూసినట్టు రావడం లేదన్న అసంతృప్తి మొదలవుతుంది. ఆ సమయంలో చేయి పట్టుకుని దాటించేవారు లేకపోతే "నాకు బొమ్మలు రావు" అని తేల్చుకుని పెన్సిల్ పక్కన పెట్టేస్తారు. పెద్దలలో చాలామంది దాన్ని పక్కన పెట్టిన వయసు అదే. అచ్చు పుస్తకం ఆ పిల్లకు తయారైన మరో రూపాన్ని అందిస్తుంది, సారు ఆ పిల్లను గుట్ట ముందు కూర్చోబెడతారు. రెండు చోట్లా డబ్బు కట్టినదాన్ని కనుక చెబుతున్నాను, ఈ రెండింటి మధ్య అసలు తేడా ఇదే. ఫీజులోని తేడా దీని ముందు లెక్కలోకి రాదు.

ధనుర్మాసం నెలంతా తరగతి ముగ్గుల మీదే నడిచింది. ఆడపిల్లలతోపాటు మగపిల్లలు కూడా ఇంట్లో నాయనమ్మనో అమ్మమ్మనో పక్కింటి అత్తనో అడిగి ఒక చుక్కల ముగ్గు నేర్చుకుని రావాలి. పుస్తకంలోంచి, ఫోన్‌లోంచి తేకూడదన్నది నియమం. మా అత్తమ్మ 15 చుక్కలు, సందు చుక్క 8 వరకు పెట్టే ముగ్గు నేర్పింది. సారు అడిగిన మొదటి ప్రశ్న మొత్తం చుక్కలు ఎన్ని అని. పిల్లలు ఒక్కొక్కటి వేలు పెట్టి లెక్కించబోతే ఆయన ఆపి, నడిమి వరుసలో 15, దాని పైన 14, ఆ పైన 13, అలా 8 దాకా పోతే కింద కూడా అంతే కదా అని దారి చూపించారు. పైసగం 77, రెండు సగాలూ కలిపి 154, నడిమి 15తో మొత్తం 169. అదే 15 చుక్కలను ఎదురు చుక్కగా 1 వరకు పెడితే 113 మాత్రమే వస్తాయి. వరుసలు అటూ ఇటూ అన్నే ఉన్నా చుక్కలు ఎందుకు తగ్గాయో కనుక్కురావడం ఆ వారం ఇంటిపని. మా అమ్మాయి చాలా కాగితాలు పాడుచేసి, ఎదురు చుక్కలో వరుసకు రెండేసి తగ్గుతున్నాయని పట్టుకుంది. ఈ లెక్కంతా నాయనమ్మకు చెబితే ఆమె, "లెక్క తప్పితే గీత కలువది బిడ్డా, గంతే" అన్నది. మా అత్తమ్మ బడి ముఖం చూడలేదు. తనకు తెలిసినది ఒక పాఠమని ఇంట్లో ఎవరైనా అనడం ఆమె విన్నది బహుశా అదే మొదటిసారి.

బడుల సంగతికి వస్తే, కాగితం మీద లోటేమీ లేదు. పదో తరగతి దాకా కళలు పాఠ్యాంశంగా ఉండాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం చెప్పింది. కళలకూ శాస్త్రాలకూ నడుమ, పాఠ్యాంశాలకూ సహపాఠ్యాంశాలకూ నడుమ గట్టి విభజన ఉండరాదని 2020 జాతీయ విద్యావిధానం అన్నది. 2024లో ఎన్‌సీఈఆర్‌టీ మూడు, ఆరు తరగతులకు కళల పాఠ్యపుస్తకాలనే తెచ్చింది. మన రాష్ట్రంలోనూ కళలు, సాంస్కృతిక విద్య అనే అంశానికి గ్రేడు ఇచ్చే పద్ధతి ఉంది. మా అమ్మాయి చదివే ప్రైవేటు బడిలో ప్రోగ్రెస్ కార్డు మీద ఆ గడి నిండుతుంది, పీరియడు మాత్రం పరీక్షలు దగ్గరపడగానే లెక్కలకు పోతుంది. లెక్కల కోసం బొమ్మలను ఆపిన ఆ బడిలో వరుసల మొత్తం కనుక్కోవడం ఇంకా మొదలుపెట్టలేదు. బొమ్మల తరగతిలో అది ముగ్గు వేస్తూ వచ్చేసింది.

మరో వారం పిల్లలను తెలంగాణ రాజముద్రను చూడకుండా గీయమన్నారు. రోజూ ఏదో ఒక కాగితం మీద కంటబడేదే, అయినా కాకతీయ తోరణం, దాని నడుమ చార్మినార్ చాలామందికి గుర్తొచ్చాయి కానీ పైన ఏముందో, చుట్టూ ఏముందో తడుముకున్నారు. దాన్ని రూపొందించిన చిత్రకారుడు ఏలే లక్ష్మణ్ మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని కదిరేనిగూడెంలో చేనేత కుటుంబంలో పుట్టినవారని సారు చెప్పినప్పుడు, ముద్రను కూడా ఎవరో ఒక మనిషి కూర్చుని గీస్తాడన్నదే పిల్లలకు కొత్త వార్త అయింది. ఆ వారమంతా మా ఇంట్లో అగ్గిపెట్టె మీది బొమ్మ, బియ్యం సంచి మీది అక్షరాలు, ఆర్టీసీ బస్సు రంగులు ఎవరు వేశారన్న ప్రశ్నలే.

నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది పుట్టపాక ప్రయాణం. బస్సు కిరాయి తల్లిదండ్రులమే పంచుకున్నాము. ఒకప్పుడు నల్లగొండ జిల్లాలో ఉండి ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్న ఈ ఊరు తేలియా రుమాలుకు పేరు. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. నూలును నూనెతోనూ, ఆముదపు కాయలు కాల్చిన బూడిదతోనూ పదును చేసి, ఎరుపు, నలుపు, తెలుపు రంగుల్లో నేసే బట్ట ఇది. పడుగునూ (నిలువు దారం) పేకనూ (అడ్డం దారం) రెండింటినీ నేతకు ముందే అక్కడక్కడ బిగించి కట్టి రంగులో ముంచుతారు కాబట్టి, మగ్గం మీద ఆ రెండు దారాల్లోని రంగులు సరిగ్గా కలిసినచోటే పువ్వు పువ్వుగా, ఏనుగు ఏనుగుగా వస్తుంది.

అక్కడ సారు పిల్లలకు ముందు చూపించింది గడుల కాగితం. నమూనాను గడుల మీద గీసుకుని, ఏ గడికి ఏ రంగో నిర్ణయించుకున్నాకే దారాన్ని కట్టడం మొదలవుతుందని తెలిసేసరికి, లెక్కల నోటుబుక్కులో ఉండే గడులకు వేరే పని కూడా ఉందని పిల్లలకు అర్థమైంది. ఆ తరువాత ఆసు. అర్ధచంద్రాకారపు చట్రానికి ఉన్న మేకుల చుట్టూ పేక దారాన్ని ఒక్కొక్కటిగా తిప్పి మళ్లీ మొదటికి తేవాలి. ఒక చీరకు చేయి వేల సార్లు అటూ ఇటూ ఆడుతుంది. ఈ పని ఎక్కువగా ఇంటి ఆడవాళ్లదే. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి పడే భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రాన్ని తయారుచేసి దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. సారు ఈ కథ చెప్పి వదిలేయలేదు. పిల్లలందరినీ వరుసగా నిలబెట్టి, ఆసు పోసినట్టు చేయి గాలిలో ఆడించమన్నారు. కాసేపటికే అందరూ భుజాలు పట్టుకుని కూర్చున్నారు. ఏ డ్రాయింగు పుస్తకంలోనూ ఈ పాఠం నేను చూడలేదు.

అచ్చు వేసిన బట్టకూ నేసిన బట్టకూ తేడా ఎలా పట్టాలో కూడా అక్కడే చెప్పారు: అచ్చు బట్టలో చాలావరకు వెనక వైపు రంగు వెలవెలబోతుంది, ముందే రంగు అద్దిన దారంతో నేసిన దానిలో రెండు వైపులా ఒకేలా ఉంటుంది, పైగా పువ్వు అంచులు కొద్దిగా చెదిరినట్టు ఉంటాయి. ఆ తరువాత బతుకమ్మ పండుగకు చీరలు కొనబోతే, దుకాణదారు పోచంపల్లి అని పరిచిన చీర కొంగును మా అమ్మాయి తిప్పి చూసి పెదవి విరిచింది. ఆయన నవ్వి మరో బీరువా తెరిచారు. ధర ఎక్కువే అయింది, అది వేరే సంగతి.

పానగల్ ప్రయాణం అంత బాగా సాగలేదు. ఊరిని ఆనుకునే ఉన్న చోటు కదా అని చిన్నా పెద్దా అందరినీ ఒకేసారి తీసుకుపోయారు. కందూరు చోడుల కాలపు ఛాయా సోమేశ్వరాలయంలో, పగలంతా కదలకుండా లింగం వెనుక నిలిచే నీడను చూడడానికి పిల్లలు ఒకరినొకరు తోసుకున్నారు. పచ్చల సోమేశ్వరాలయం గోడల మీది రామాయణ, భారత శిల్పాలను చూసేసరికి చిన్నపిల్లలకు ఆకలి వేసింది. మరుసటి వారం వరండాలో ఒక కర్రను నిలబెట్టి, వెలుతురు ఒక్క దిక్కునుంచి నేరుగా పడితే నీడ ఎలా జరుగుతుందో, పక్క తెరపుల గుండా చెదిరి వస్తే ఎలా నిలుస్తుందో చేసి చూపించడం వల్ల ఆ ప్రయాణానికి కొంత ఫలితం దక్కింది.

లోపాలు ఇవే కావు. రంగుల విషయంలో సారుది మొండితనం. జాజు (ఎర్రమట్టి), సున్నం, బొగ్గు, పసుపు పిల్లల చేతనే నూరించి, తుమ్మబంకతో కలిపి వాడిస్తారు, అది మంచిదే; పొడి ఎంత మెత్తగా నూరితే రంగు అంత సాఫీగా పరుచుకుంటుందని పిల్లలు చేతులతో తెలుసుకుంటారు. కానీ స్కెచ్ పెన్నులు తెచ్చుకున్న పిల్లను చూసి "ఫ్లెక్సీ రంగులు" అని వెక్కిరించడం నాకు నచ్చలేదు. బతుకమ్మ పేర్చేటప్పుడు తెల్లని గునుగు పూలను మన ఇళ్లలో గులాబీ, ఊదా, నీలి రంగుల్లో ముంచుతాము. ఆ రంగులు కిరాణా దుకాణంలో పొట్లాలు కట్టి అమ్మేవే. తంగేడు పసుపు వరుస మీద ఆ గులాబీ గునుగు వరుస కూర్చుంటే ఎవరూ కళ్లు మూసుకోరు, పైగా ఎవరి బతుకమ్మ బాగా మెరుస్తోందని పోటీ పడతాము. మట్టి రంగులది ఎంత సంప్రదాయమో మెరిసే రంగులదీ మన దగ్గర అంతే సంప్రదాయం. ఈ మాట సారుతో అన్నాను; ఆయన ఒప్పుకోలేదు.

కళ అంటే బొమ్మే అన్నట్టు తరగతి నడవడం మరో లోటు. నా పుట్టిల్లు మహబూబ్‌నగర్ కాబట్టి ఇది నాకు కొంచెం ఎక్కువ తగులుతుందేమో. పన్నెండు మెట్ల కిన్నెర వాయించి 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగులయ్యది నాగర్‌కర్నూల్ జిల్లా, బుర్రవీణతో 2024లో అదే గౌరవం పొందిన దాసరి కొండప్పది నారాయణపేట జిల్లా, రెండూ పాత మహబూబ్‌నగర్ జిల్లాలోవే. సొరకాయ బుర్రనూ వెదురునూ తీగనూ కూర్చి వాద్యం ఎలా చేస్తారో చూపించినా, ఫోన్‌లో ఒక్క పాట వినిపించినా పిల్లలకు ఒక పూట గొప్ప పాఠం అవుతుంది. అడిగితే తనకు సంగీతం తెలియదన్నారు. తెలిసినవారిని పిలవవచ్చు కదా.

వసతులు అంతంతమాత్రం. చేతులు కడుక్కోవడానికి ఒకటే కుళాయి, దాని దగ్గర ఎప్పుడూ గొడవ. ఆరేళ్ల పిల్లలనూ పన్నెండేళ్ల పిల్లలనూ కలిపి కూర్చోబెట్టడం వల్ల పెద్దవాళ్లకు విసుగు పుడుతుంది. ముహూర్తాల రోజుల్లో తరగతి ఉండదన్న సంగతి ముందుగా తెలియజేయరు, గేటు దాకా వెళ్లి తాళం చూసి తిరిగి రావాలి. పిల్లలు వేసిన బొమ్మలన్నీ ట్రంకు పెట్టెలో దాచి ఏడాది చివర ఇస్తారు. పక్కవాళ్ల బొమ్మతో పోల్చి పిల్లను చిన్నబుచ్చే తల్లిదండ్రులను చూసి ఈ నియమం పెట్టానన్నారు, ఆ కారణం నాకు సబబుగానే తోచింది. అయినా నెలకొకటైనా ఇంటికి పంపితే బాగుంటుంది.

ప్రభుత్వ పరీక్షల విభాగం నిర్వహించే టీసీసీ (టెక్నికల్ సర్టిఫికెట్ కోర్సు) డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలకు తయారు కావాలనుకునేవారు ఇక్కడికి రాకపోవడమే మంచిది. సారుకు ఆ పరీక్షల సంగతి బాగా తెలుసు, కానీ ఈ తరగతిలో దానికి చోటివ్వరు. పోటీల్లో బహుమతులు కావాలన్నా ఇది సరైన చోటు కాదు. త్రికోణపు కొండలకు బహుమతి ఇచ్చే న్యాయనిర్ణేతల ముందు రాతి గుట్ట గీసిన పిల్ల వెనకబడే అవకాశమే ఎక్కువ. ఆరు నుంచి పదకొండేళ్ల లోపు పిల్లలకైతే, ముఖ్యంగా "నాకు రాదు" అనడం అప్పుడే మొదలుపెట్టిన వారికైతే, ఈ డబ్బుకు ఇంతకంటే మంచి తరగతి పట్టణంలో నాకు కనబడలేదు.

కొత్తవారిని జూన్‌లో బడులు తెరిచాక చేర్చుకుంటారు. పిల్లను వెంటబెట్టుకుని వెళ్లాలి, ఎందుకంటే సారు మాట్లాడేది పిల్లతోనే, మనతో కాదు. జాజు మరక ఉతికితే పోదు కనుక పాత బట్టలు వేసి పంపండి, నీళ్ల సీసా ఇవ్వండి. మేము ఇంకో ఏడాదికి కూడా చేరుస్తున్నాము. స్కెచ్ పెన్నుల గొడవ మాత్రం ఇంకా తెగలేదు.